ముందు ఐస్‌లో పెట్టి చూడు

బెంగళూరు
గురువారం రాత్రి

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిందే రాత్రంతా మనసులో మెదిలింది. మీ టీకాల కోల్డ్ రూమ్‌లో వేడిని నమోదు చేసే లాగర్ 8.94 డిగ్రీలు చూపిస్తోంది, పక్కన పెట్టిన థర్మామీటర్ 5 అంటోంది, సాఫ్ట్‌వేర్‌లో 4 తీసేశాం, సరిపోయింది అన్నావు. సరిపోలేదు తల్లీ. తప్పు అక్కడే ఉంది, కనబడకుండా పోయిందంతే.

నీది రెండు వైర్ల పీటీ-100, అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే ప్లాటినం ప్రోబ్. సున్నా డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ 100 ఓమ్‌లు, ఆపైన డిగ్రీకి సుమారు 0.39 ఓమ్ పెరుగుతుంది. లాగర్ 20 మీటర్ల దూరంలో ఉందన్నావు. పోనూ రానూ 40 మీటర్ల సన్న రాగి తీగ అంటే ఒకటిన్నర ఓమ్ దాకా ఉంటుంది. అది తీగదని లాగర్‌కి ఎలా తెలుస్తుంది? దాన్నీ వేడి కిందే లెక్కేసుకుంటుంది. నీ 4 డిగ్రీలు అక్కడివే. మే నెల ఎండకి సీలింగ్ మీది కేబుల్ కాగితే ఆ లెక్క మారుతుంది, స్క్రూల దగ్గర తుప్పు పడితే ఇంకా మారుతుంది. నాలుగు వైర్ల ప్రోబ్ పెట్టించు. రెండిట్లో కరెంటు వెళ్తుంది, మిగతా రెండూ వోల్టేజీ చదవడానికే. వాటిలో కరెంటు దాదాపు ఉండదు కాబట్టి తీగ పొడవు లెక్కలోకి రాదు.

ఆ 4 తీసెయ్యకముందు, 8 దాటిందని అలారం మోగినప్పుడు ఎవరైనా చలి పెంచారేమో అదీ కనుక్కో. లాగర్‌లో 4 కనబడేసరికి లోపల సున్నా ఉండి ఉంటుంది. హెపటైటిస్-బి, టెటనస్ టీకాలు ఒక్కసారి గడ్డకడితే పనికిరావు, పైకి చూస్తే తెలియకపోవచ్చు కూడా.

నేను ఇక్కడి పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో పనిలో చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీ వాళ్లు పిలిచారు. ఫర్నేస్‌లో సరుకు మాడిపోతోంది, మీటర్ మాత్రం తక్కువే చూపిస్తోంది. మీటర్‌లో ఏ లోపమూ దొరకలేదు. అందులో ఉన్నది థర్మోకపుల్, రెండు చివర్ల మధ్య వేడి తేడాని చదివే సెన్సర్. చివరికి దాని తలకాయ మీద, అంటే బయట తీగలు కలిపే చోట, చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. అక్కడ 60 డిగ్రీలు, ఏసీ ఉన్న ప్యానెల్ గదిలో 25. మధ్యలో థర్మోకపుల్‌కి సరిపోయే ప్రత్యేక తీగ, కాంపెన్సేటింగ్ కేబుల్ బదులు ఎవరో మామూలు రాగి తీగ లాగారు. ఆ 35 డిగ్రీలూ మీటర్‌కి చేరనే లేదు. తక్కువ చూపిస్తోందని ఆపరేటర్లు మంట పెంచుతూ పోయారు. అప్పటినుంచి మీటర్ కంటే ముందు తీగ చూస్తాను.

కొత్త ప్రోబ్ రాగానే ఐస్‌లో పెట్టి చూడు. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐస్‌ని మెత్తగా కొట్టి ఫ్లాస్క్ నిండా కూరు. సందులు నిండేంతే నీళ్లు పొయ్యి. ఐస్ పైకి తేలిందంటే నీళ్లు ఎక్కువైనట్టే, అడుగున సున్నా ఉండదు, వంపెయ్యి. తెల్లటి ఐస్ కాస్త గాజులా కనిపించే దాకా తడవాలి. ప్రోబ్ అడుగుకి తగలకుండా లోతుగా దించి పది నిమిషాలు ఆగు. మరిగే నీళ్లతో మాత్రం సరిచూడొద్దు. మీ చెన్నైలో దాదాపు 100 దగ్గర మరిగే నీళ్లు, ఇంత ఎత్తున ఉన్న మా ఊళ్లో 97కే మరుగుతాయి.

8.94లో ఆ చివరి రెండంకెలు చూసి నమ్మావని నాకు తెలుసు. లాగర్ ఎన్ని అంకెలైనా చూపిస్తుంది, అవి నిజమని అది చెప్పదు.

రేపు వెళ్లగానే ఆ మైనస్ 4 సంగతి మీ మేనేజర్‌కి చెప్పు, దాచకు. ఆదివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేటప్పుడు పాత ప్రోబ్ తీసుకురా. ఐస్ కొట్టి ఉంచుతాను, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ అమ్మ