స్పీడ్ గన్ చాటుగా ఎందుకు?

ట్రాఫిక్ పోలీసు ఉన్నతాధికారి గారికి,

వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. కాబట్టి హద్దు ఉండాల్సిందే, అందులో పేచీ లేదు. మా చిరాకంతా మీవాళ్లు మాటు వేసే చోటు గురించే. వేగం హద్దును గంటకు 80 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 40కి దించిన చోట, అదీ కొమ్మలు కమ్మేసిన బోర్డు పక్కనే, బండి వేగం కొలిచే ఆ గన్ పట్టుకుని నిలబడతారు. చివరి క్షణంలో చూసిన డ్రైవర్ సడన్ బ్రేక్ కొడతాడు. మరి వెనకాల బైక్ మీద వచ్చేవాడి గతేంటి? గన్ దాటాక అందరూ మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేవాళ్లే. (చలాన్లు మాత్రం బాగానే పడతాయి లెండి.)

ముందు ఆ కొమ్మలు కొట్టించండి. రెండు కెమెరాల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టే పద్ధతి పెట్టించండి. చలాన్‌తో పాటు ఫొటో, గన్‌ను చివరిసారి సరిచూసిన తేదీ కూడా పంపితే మేమూ నోరు మూసుకుని కడతాం.

ఇట్లు,
ఒక వాహనదారుడు