హనుక్కా గురించి చిన్న మాట

అందరికీ నమస్కారం. నిన్న ఎవరో హనుక్కాని 'యూదుల క్రిస్మస్' అన్నారు, అది కాదండీ. క్రీ.పూ. 164లో యూదుల తిరుగుబాటు నాయకుడు యూదా మక్కబీ మనుషులు గ్రీకు రాజు నాలుగో ఆంటియోకస్ చేతిలోంచి యెరూషలేము ఆలయాన్ని తిరిగి తీసుకుని, శుద్ధి చేసి, మళ్లీ ప్రతిష్ఠించారు. హనుక్కా అంటే ఆ ప్రతిష్ఠే.

ఆలయ దీపంలో ఒక్కరోజుకి సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ చాలా తర్వాత తల్ముదులో, అంటే యూదుల ధర్మశాస్త్ర గ్రంథంలో, వస్తుంది. నాకు అదే ఇష్టం!

ఈ ఎనిమిది రాత్రుల పండుగలో రాత్రికొకటి పెంచుతూ కొవ్వొత్తులు కుడి నుంచి ఎడమకి పెడతారు, వెలిగించేటప్పుడు మాత్రం ఆ రోజు కొత్తగా పెట్టినదే ముందు. వాటిని ముట్టించే తొమ్మిదోది 'షమాష్', అంటే సేవకుడు. దాంతో కలిపి ఎనిమిది రాత్రులకి మొత్తం 44. నూనె గుర్తుగా బంగాళాదుంప లాట్కెలు (చిన్న అట్లలాంటివి) వేయించుకుంటారు.

యూదుల క్యాలెండర్‌లో కిస్లేవు నెల 25న మొదలు. చంద్రుణ్ణి బట్టి లెక్క కాబట్టి మన దీపావళిలాగే ఇంగ్లిష్ తేదీ ఏటా మారుతుంది.