తాస్‌గావ్ నుంచి తెచ్చిన కిస్మిస్

చి. శ్రావణికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు ఫోన్ ఎత్తి పన్నెండు రోజులైంది. పనిలో ఉంటావని మీ అమ్మకు చెప్పాను. ఈ ఉత్తరంలో ప్రశ్నలేమీ వేయను, తాస్‌గావ్ పోయివచ్చిన ముచ్చట రాస్తాను.

వెంకటేశం బాబాయ్ మళ్లీ ద్రాక్ష వేస్తానంటే, మహారాష్ట్రలోని ఆ ఊరి తోటలు చూడటానికి తోడు వెళ్లాను. సాంగ్లీలో దిగి ఎర్ర బస్సు ఎక్కితే పాతిక కిలోమీటర్లు. యాత్రలకొచ్చే జనం లేరు, మధ్యాహ్నమైతే బజారు కునుకు తీస్తుంది. వినాయకుడి గుడికి మాత్రం మన వైపు గుళ్లకున్నట్టు ఏడంతస్తుల గోపురం! పేష్వాల సర్దారు పరశురామ్ భావూ పట్వర్ధన్ దక్షిణానికి దండెత్తినప్పుడు ఇట్లాంటివి చూసి ముచ్చటపడి కట్టించాడట. నీ పేరున అర్చన చేయించాను. "పిల్ల ఉద్యోగం చల్లగా ఉండాలి" అని మొక్కబోయి, "పిల్ల చల్లగా ఉండాలి" అని మొక్కాను.

సరోజత్తయ్య వాళ్ల రాము ఏదో అన్నాడులే. మీ ఆఫీసులో చాలామందిని తీసేశారని. నేను నమ్మలేదు.

ఊరి చుట్టూ తోటలే. తాస్-ఎ-గణేశ్ అనే గింజలేని రకం ఇక్కడిదే, పేరులో ఊరు కూడా ఉంది. నీళ్లు తక్కువ కాబట్టి కరువుకు తట్టుకునే డాగ్‌రిడ్జ్ అనే ద్రాక్ష మొక్క వేరు మీద అంటు కడతారు. కిస్మిస్‌ను బేదాణా అంటారు. గుత్తులను పొటాషియం కార్బొనేటు, నూనె కలిపిన నీళ్లలో ముంచి, షెడ్డు నీడలో అంతస్తులుగా కట్టిన వలల మీద పరుస్తారు. రెండు వారాలకు ఎండుతాయి. నాలుగు కిలోల పండుకు కిలో కిస్మిస్. పండుకు ధర లేకపోతే ఎండబెట్టి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు.

మీ తాతకు ఆ దారి లేదు. కీసరలో మనది అనాబ్-ఎ-షాహీ, గింజ ఉన్న, రసం నిండిన పండు. కోసిన నాలుగు రోజుల్లో మార్కెట్‌లో పడాలి. నేను ఇంటర్‌లో ఉన్న ఏడాది, రేపు కోత అనగా సాయంత్రం వడగళ్లు పడ్డాయి. పందిరి కింద మోకాళ్ల లోతున ఆకు, పగిలిన పండు, పొద్దున్నే ఈగలు. తాత ఇంటికి రాలేదు. "కోత నడుస్తోంది, రాత్రిళ్లు కాపలా ఉండాలి" అని జీతగాడితో కబురు పంపాడు. నానమ్మ రోజూ టిఫిన్ డబ్బా పంపేది. ఐదో రోజు డబ్బా తెరవకుండానే తిరిగొచ్చింది. ఆమె మాట్లాడకుండా చెప్పులేసుకుని నడిచింది, వెనక నేను. తాత మోటారు గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు, గడ్డం పెరిగిపోయి. ఆయన చెప్పలేనిది అప్పు గురించే. నానమ్మ గాజుల మీద తెచ్చాడు. ఆమె తోటను చూడనే లేదు. "అన్నం తినక ఎన్ని పూటలైంది?" అని ఆయన్ను అడిగింది, అంతే. బిందెడు నీళ్లు కాచి స్నానం చేయించి ఇంటికి తీసుకొచ్చింది. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. గాజులు తిరిగి రాలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. వేసవిలో కొమ్మలను మొదళ్లదాకా కొట్టేస్తారు, అక్టోబరులో కాపు కోసం మళ్లీ కత్తిరిస్తారు. చేతికి డబ్బు రావడం మాత్రం ఒక్కసారే. అందుకే చెబుతున్నాను, ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకో, క్రెడిట్ కార్డుతో అద్దె కట్టకు, రాత్రి రెండింటిదాకా మేలుకోకు. చదివినదానికి సరిపడే పని ఈ రోజుల్లో హైదరాబాద్‌లోనూ ఉంది. ఊరికే అంటున్నాను. మీ అమ్మ పై గది కడిగించింది, ఎండాకాలం కదా, దుమ్ము పడుతుందని.

సాంగ్లీ నుంచి పుణెకు ఐదారు గంటలే. బస్టాండులో నిలబడ్డప్పుడు పుణె బోర్డు బస్సులు రెండు పోయాయి. బాబాయ్ "ఎక్కుదామా అన్నా?" అన్నాడు. నువ్వు రమ్మనలేదని ఎక్కలేదు. ఎక్కితే బాగుండేది.

రాము చేత రెండు కిలోల కిస్మిస్ పంపుతున్నాను. ఆకుపచ్చవి ఊరికే తినడానికి, నల్లవి పదేసి రాత్రి నానబెట్టి పొద్దున్నే తిను, నీకు రక్తం తక్కువ. కడగకుండా తినకు. రూమ్ మారావని కూడా రాము అన్నాడు. మారి ఉంటే అడ్రసు ఒక్కటి పంపు చాలు, వాడు వెతుక్కోకుండా.

ఫోన్ రాత్రి తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను, సౌండు పెంచి.

మీ నాన్న