మధ్యాహ్నం పూట ఆగిపోతున్న సోలార్: ఇంధన శాఖ మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తోంది. విశాఖ డాబాల మీద ప్యానెళ్లు పెరగడం సంతోషమే. ఆ కరెంటును మోయాల్సిన వీధి లైను సంగతి కూడా చూడాలి.

డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ లోడు లేనప్పుడు 433 వోల్టులు, అంటే ఫేజుకు 250 ఇస్తుంది. చివరి ఇంటికి చేరేసరికి ఎలాగూ తగ్గుతుందని అలా చేశారు. ఇప్పుడు మధ్యాహ్నం కరెంటు ఇళ్ల నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎదురు నడుస్తోంది, చివరి ఇంట్లోనే వోల్టేజి ఎక్కువ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) నిబంధన ప్రకారం 253 దాటితే, ప్యానెళ్ల కరెంటును లైనుకు పంపే ఇన్వర్టర్ 2 సెకన్లలో లైను వదిలేయాలి. మిగిలిన వెసులుబాటు మూడే వోల్టులు! ఎండ మండుతుంటే ఉత్పత్తి సున్నా. ఇంటాయన ప్యానెల్ అమ్మినవాణ్ణి తిడతాడు.

లెక్క చూడండి. వీధి లైన్లలో వాడే వీజిల్ రకం అల్యూమినియం తీగకు కిలోమీటరుకు సుమారు 0.9 ఓమ్. 200 మీటర్ల చివర 3 కిలోవాట్ల ఇళ్లు మూడు ఒకే ఫేజు మీద ఉండి, ఇంట్లో వాడకం లేకపోతే 39 ఆంపియర్లు. ఫేజు, న్యూట్రల్ కలిపి 0.36 ఓమ్. పెరిగేది 14 వోల్టులు. అవే ఇళ్లను మూడు ఫేజులకు పంచితే రెండున్నర కూడా పెరగదు. కొత్త తీగ అక్కర్లేదు, స్తంభం దగ్గర సర్వీసు వైరు ఫేజు మార్చితే చాలు. అందుకే ఇంటి సోలార్‌ను లైనుకు కలిపే నెట్ మీటరింగ్ మంజూరులో ట్రాన్స్‌ఫార్మర్ కోడు పక్కన ఆర్, వై, బిలలో ఏ ఫేజో తప్పనిసరిగా రాయించండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే వోల్టేజిని సర్దే ట్యాపును ఒక మెట్టు, అంటే 2.5 శాతం దించమని కొందరంటారు. మాకు అది తొందరపాటనిపిస్తుంది. ఈ ట్యాపును సప్లై ఆపి చేత్తో మార్చాలి. మధ్యాహ్నానికి కుదిరిన మెట్టు, మే నెల రాత్రి ఏసీలన్నీ నడిచేటప్పుడు చివరి ఇంటికి లో వోల్టేజి తెస్తుంది. ఫేజులు సర్దాకా సమస్య మిగిలితేనే దాని జోలికి వెళ్లాలి. ఇన్వర్టర్లలో వోల్ట్-వార్ సెట్టింగు (వోల్టేజిని బట్టి రియాక్టివ్ పవర్‌ను సర్దేది) పెట్టించవచ్చు గానీ, ఇళ్లకు వచ్చే ఎల్‌టీ (లో టెన్షన్) లైన్లో రెసిస్టెన్సుదే పైచేయి కాబట్టి పెద్దగా ఆశించొద్దు.

తీరం వెంబడి ఉప్పుగాలి న్యూట్రల్ జాయింట్లను తినేస్తుంది. న్యూట్రల్ తెగితే తక్కువ లోడున్న ఫేజులో 300 వోల్టులు దాటవచ్చు, టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. అల్యూమినియం తీగకు రాగి వైరు చుట్టి వదిలేయకుండా ఆ రెండు లోహాలను కలపడానికి చేసిన బైమెటాలిక్ క్లాంపు వేయించండి.

స్మార్ట్ మీటర్లు ఉన్నచోట వోల్టేజి అందులోనే నమోదవుతుంది. ఎండ ఉండి వాడకం తక్కువగా ఉండే ఫిబ్రవరి ఆదివారాల్లో, 11 నుంచి 2 గంటల మధ్య 250 దాటిన ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా తీయించి, వేసవికి ముందే సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీర్లకు (ఏఈలకు) పంపించగలరు.

ఇట్లు,
విశాఖపట్నం విద్యుత్ ఇంజనీర్లు కొందరు