ఆ ఎర్ర మచ్చలు ఫొటో కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో మెదడు బొమ్మ ఒకటి వేశారు. బూడిద రంగు మెదడు, దాని మీద అక్కడక్కడ ఎరుపూ పసుపూ మచ్చలు, కింద ‘లెక్కలు చేస్తుంటే మెదడు ఇలా వెలుగుతుంది’ అని ఒక్క లైను. ఎవరు స్కాన్ చేశారో లేదు, ఎంతమందికి చేశారో లేదు. అచ్చం అలాంటి బొమ్మే మా శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ఫ్లెక్సీ మీద కూడా ఉంది, ‘మీ పిల్లలకి బ్రెయిన్ మ్యాపింగ్ చేయించండి, ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో తెలుసుకోండి’ అని. రెండింటికీ సంబంధం లేదని మీరనొచ్చు. చదివేవాళ్ళకి మాత్రం ఉంది. పేపర్లో పడింది కదా అన్న మాటకి మా ఊళ్ళల్లో ఇంకా విలువుంది మరి.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, డాక్టర్ని కాను. కానీ ఆ బొమ్మలు తీసే మెషిన్ నడిచేది ఫిజిక్స్ మీదే కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మెదడులో వెలగడాలూ ఆరడాలూ ఏమీ ఉండవు. ఇలాంటి బొమ్మలు తీసే స్కాన్‌ని ఎఫ్ఎంఆర్ఐ (ఫంక్షనల్ ఎంఆర్ఐ) అంటారు, అది చూసేది నాడీకణాల్ని కూడా కాదు, రక్తాన్ని. రక్తంలో ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్; ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌కి కొద్దిపాటి అయస్కాంత గుణం ఉంటుంది, ఆక్సిజన్ పట్టుకున్నదానికి ఉండదు, ఈ తేడా 1936లోనే లైనస్ పాలింగ్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళూ కనిపెట్టారు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి అవసరానికి మించి కొత్త రక్తం వస్తుంది, దాంతో సిగ్నల్ కొంచెం పెరుగుతుంది. దీన్ని ఎంఆర్ఐతో పట్టుకోవచ్చని 1990లో సేయిజీ ఒగావా అనే జపాన్ శాస్త్రవేత్త అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఎలుకల మీద చూపించాడు, మనుషుల మీద ఫలితాలు 1992లో వచ్చాయి. ఆ పెరుగుదల ఎంతనుకున్నారు? చాలాసార్లు నూటికి ఒకటో రెండో వంతు. అదీ నాడీకణాలు పనిచేసిన అయిదారు సెకన్లకి గానీ పైకి రాదు. వంశధార కాలువలో ఏ తూముకి నీళ్ళు ఎక్కువ పారుతున్నాయో చూసి ఏ పొలంలో దమ్ము పట్టిస్తున్నారో ఊహించడం లాంటిదిది. ఊహ చాలాసార్లు సరిపోతుంది, కానీ రైతు ఏ వంగడం నాటబోతున్నాడో తూము చెప్పదు కదా.

ఇక రంగులు. లెక్కలు చేస్తున్నప్పుడు తీసిన కొలతల్లోంచి ఊరికే పడుకున్నప్పుడు తీసిన కొలతల్ని తీసేసి, ఆ తేడా ఫలానా గీత దాటితే ఎరుపు వెయ్యమని మనిషే కంప్యూటర్‌కి చెప్తాడు. రంగు లేనిచోట మెదడు నిద్రపోతోందని కాదు. మన ఒంటి బరువులో రెండు శాతం ఉండే మెదడు, మనం ఖాళీగా కూర్చున్నా సరే, ఒంటికి కావాల్సిన శక్తిలో అయిదో వంతు లాగేసుకుంటుంది. ఆ గీత ఎక్కడ గీశారన్నది ఎంత ముఖ్యమో చూపడానికి అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళూ ఒక చచ్చిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, వీళ్ళు ఏ భావంలో ఉన్నారో చెప్పమన్నారు. నిజంగానే చేశారండీ, 2009లో. జాగ్రత్తగా సరిచూడకుండా లెక్క వేస్తే చచ్చిన చేప మెదడులోనూ ఎర్ర మచ్చ వచ్చింది! మన భావనపాడు ఒడ్డున పడేసిన చేపకీ వస్తుంది.

అలాగని ఆ విద్యని తక్కువ చెయ్యడం లేదు. మెదడులో గడ్డ తీసేముందు మాట ఎక్కడుంది, చెయ్యి కదిలించే భాగం ఎక్కడుంది అని సర్జన్లు దీంతో చూసుకుంటారు. 2016లో ఇలాంటి స్కాన్‌లన్నీ కలిపి మెదడు పై పొరని ఒక్కో వైపు 180 భాగాలుగా గుర్తించి కొత్త పటం గీశారు. నాకు బాగా నచ్చింది మాత్రం లక్నో దగ్గరి పల్లెల్లో జరిగిన పని. చదువురాని, ముప్ఫై ఏళ్ళ చుట్టుపక్కల వయసున్నవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ఆరు నెలలు హిందీ చదవడం నేర్పి, ముందూ తర్వాతా స్కాన్ చేస్తే, మెదడు పై పొరలోనే కాదు, లోపలి భాగాల్లో కూడా మార్పు కనిపించింది, 2017లో అచ్చయింది. అదీ కొద్దిమందితోనే చేశారు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా నేర్చుకుంటే మెదడు మారుతుందని స్కానర్లు చెబుతుంటే, పదో తరగతి పిల్లాడి జాతకం ఒక్క పూటలో తేల్చేస్తామంటారేంటి ఆ ఫ్లెక్సీ వాళ్ళు?

ఈ బ్రెయిన్ మ్యాపింగ్ సెంటర్లలో ఎంఆర్ఐ మెషినే ఉండదు. అది కొన్ని టన్నుల బరువుంటుంది, దానికి ప్రత్యేకంగా గది కట్టాలి. ఇక్కడ నుదుటికి ఒక బెల్టు కడతారు, లేదా పది వేళ్ళ ముద్రలు తీసుకుని ‘కుడి మెదడు ఇన్ని శాతం, ఎడమ మెదడు ఇన్ని శాతం’ అని కలర్ ప్రింటు ఇస్తారు. వేలిముద్రలు పుట్టకముందే ఏర్పడిపోతాయి, వాటిని చూసి తెలివి చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే అంది. మనుషుల్లో కుడి మెదడువాళ్ళూ ఎడమ మెదడువాళ్ళూ ఉన్నారా అని అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్ళు 1011 మంది స్కాన్‌లు వెతికి, అలాంటి తేడా దొరకలేదని 2013లో రాశారు. మెదడు తీరుకీ తెలివికీ లంకె చెప్పాలంటే వేల మందిని చూడాలని 2022లో ఇంకో పెద్ద పరిశీలన తేల్చింది. వేల మందిని చూస్తేనే అంతంతమాత్రంగా కనబడేది, మా వీధిలో ఒక్క కుర్రాడి దగ్గర ఎలా తేలిపోయిందో!

ఆ కుర్రాడి తండ్రి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ‘ఏటి మాస్టారూ, మావోడిది కుడి మెదడంట, లెక్కలు రావంట, ఎంపీసీ వద్దన్నారు’ అని కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ పిల్లాడికి లెక్కల్లో తొంభై దాటి మార్కులున్నాయి! తండ్రి నా మాట విన్నాడో లేదో తెలీదు, డబ్బు కట్టి తెచ్చిన కాగితం ముందు ఊరికే చెప్పే మాట ఆనదు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఒకటే. ఇకమీదట మెదడు బొమ్మ వేస్తే దాని కిందే ఎంతమందిని స్కాన్ చేశారో, దేనితో దేన్ని పోల్చారో, ఏ సంవత్సరం పనో చిన్న అక్షరాల్లోనైనా వెయ్యండి. చోటు లేదనకండి, ‘వెలుగుతుంది’ తీసేస్తే చోటొస్తుంది. ఆ సెంటర్ల ప్రకటనలు మీ జిల్లా ఎడిషన్లోనే వస్తున్నాయి, వాటిని వేసుకునేముందు ఏ మెషిన్‌తో చేస్తున్నారో, పరీక్ష చేసేవాళ్ళ చదువేంటో రాసిమ్మని అడగండి. ఇంటర్ అడ్మిషన్లు దగ్గర పడ్డాయి, ఈ నెలలోనే అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
శ్రీకాకుళం.