చావుల లెక్క సరే, కారణం ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

గల్ఫ్ దేశాల్లో మరణించిన మన వాళ్ళ సంఖ్య గురించి పార్లమెంటులో ప్రభుత్వం ఇచ్చే జవాబులు పత్రికల లోపలి పేజీల్లో నాలుగు పంక్తుల వార్తగా వచ్చి పోతుంటాయి. నేను వాటిని కొన్నేళ్ళుగా పూర్తిపాఠం తెప్పించుకుని చదువుతున్నాను. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గర నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ బస్సులు దిగి, రాయబార కార్యాలయానికి అర్జీ రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళ కోసం వివరాలు వెతుకుతూ ఆ జవాబుల దాకా వెళ్ళాను.

విదేశాల్లోని భారతీయుల భద్రత, సంక్షేమం తమకు అత్యంత ముఖ్యమన్న మాట వాటిలో తప్పకుండా ఉంటుంది. సభ్యులు మాత్రం ముక్కలు ముక్కలుగా, స్పష్టంగానే అడుగుతారు. ఎంతమంది చనిపోయారు, ఏ కారణంతో, మృతదేహం రావడానికి ఎన్ని రోజులు పట్టింది, కుటుంబానికి ఎంత అందింది? జవాబులో తరచుగా ‘ఏ నుంచి డి వరకు’ అని అన్నింటినీ ఒకే మూట కట్టేస్తారు. మూట విప్పితే సంక్షేమ పథకాల పేర్లు, చివర దేశాలవారీ పట్టిక. ఏ ముక్కకు జవాబు వచ్చింది, ఏది జారిపోయింది అన్నది పక్కన ప్రశ్న పెట్టుకుని వేలితో గీసుకుంటూ చదివితే తప్ప తెలియదు. ఎక్కువగా జారిపోయేది కారణమే.

ఆ కారణానికి ఎంత విలువ ఉందో నా బల్ల మీదే చూశాను. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి ఒకావిడ ప్లాస్టిక్ కవరులో కాగితాలు తెచ్చింది. మరణ ధ్రువపత్రం, దానికి ఇంగ్లీషు అనువాదం, మూల కత్తిరించి రద్దు చేసిన పాస్‌పోర్టు. పరంజా మీది నుంచి పడ్డాడని భర్తతోపాటు గదిలో ఉండేవాళ్ళు ఫోనులో చెప్పారట. కాగితంలో గుండె ఆగి సహజ మరణం అని ఉంది. ఆ పంక్తి ఎక్కడుందో చూపించమని అడిగింది. చూపిస్తే దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. ఆమెకు ఇంగ్లీషు రాదు.

పదో తరగతి పాస్ కాకుండా గల్ఫ్‌కు పనికి వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల బీమా. ఆ 10 లక్షలు ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా ఇస్తారు. ‘సహజం’ అని రాస్తే ఆ సొమ్ముకు దారి మూసుకుపోతుంది. విజిట్ వీసా మీద పంపిన ఏజెంటు చేతిలో పడినవాడికైతే ఆ బీమా కూడా ఉండదు. కాబట్టి ఎంతమంది చావును సహజమని రాశారు, వారిలో ఎంతమందికి పోస్టుమార్టం జరిగింది అన్నవి సభలో తేలవలసిన ప్రశ్నలు.

విదేశీ జైళ్ళలో ఉన్నవారి గురించి అడిగితే, అక్కడి గోప్యతా చట్టాల వల్ల ఖైదీ ఒప్పుకుంటే తప్ప వివరాలు రావని ప్రభుత్వం చెబుతుంది. అది నిజమైన ఇబ్బందే, కాదనను. చావు సంగతి వేరు. మృతదేహం విమానం ఎక్కాలంటే మన రాయబార కార్యాలయమే మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం వాళ్ళ చేతుల మీదుగానే వస్తుంది. వివరాలు వాళ్ళ ఫైళ్ళలోనే ఉన్నాయి, కూడి చెప్పడమే మిగిలింది.

రుజువు కోసం పట్టుబట్టడం ఈ ప్రభుత్వ యంత్రాంగానికి తెలియని పనేమీ కాదు. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో అపహరణకు గురైన 39 మంది మన కార్మికుల విషయంలో, ఆధారం లేకుండా వారిని మృతులుగా ప్రకటించడానికి అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఒప్పుకోలేదు. డీఎన్ఏ పరీక్షలు చేయించిన తరువాతే 2018 మార్చి 20న రాజ్యసభలో వారి మరణాన్ని ప్రకటించారు. నాలుగేళ్ళు ఎదురుచూసిన కుటుంబాలకు ఆ వార్త టీవీలో తెలియడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ రుజువు కావాలన్న ఆ పట్టుదల సరైనదే. పరంజా మీది నుంచి పడిన ఒక్క మనిషి విషయంలోనూ అదే పట్టుదల కావాలి.

తెలంగాణ నుంచి లోక్‌సభలో 17 మంది సభ్యులున్నారు. మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే, అవీ లాటరీలో వస్తాయి. అయినా అందరూ కలిసి ఇదే అడిగితే ఒకరికైనా అవకాశం తగలవచ్చు. నోటిమాటగా జవాబు వచ్చినప్పుడు అనుబంధ ప్రశ్న వేసి ‘కారణం సంగతి ఏమిటి?’ అని నిలదీయవచ్చు. రాతపూర్వక జవాబుకు ఆ వీలు లేదు. ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని వస్తే అది ప్రభుత్వం సభకు ఇచ్చిన హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరకపోతే హామీల కమిటీ ఉంది. దాన్ని కదిలించవలసింది కూడా మన సభ్యులే.

మీ పత్రికకూ ఒక విన్నపం. వచ్చే సమావేశాల్లో ఇలాంటి జవాబు వచ్చిన రోజు, అడిగిన ప్రశ్ననూ ఇచ్చిన జవాబునూ పూర్తిగా తెలుగులో పక్కపక్కన అచ్చువేయండి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ఎడిషన్లలో మొదటి పేజీలోనే వేయండి.

కోరుట్ల ఆవిడ అర్జీ నకలు నా దగ్గర ఉంది. ఈ ప్రశ్న వేయడానికి ముందుకు వచ్చే సభ్యులెవరైనా ఉంటే, ఆమె అనుమతితో కాగితాలన్నీ తీసుకుని నేనే వచ్చి ఇస్తాను.

— ఒక డీటీపీ ఆపరేటర్,
సికింద్రాబాద్, హైదరాబాద్