ఆదివారం పొద్దున ఆట గురించి, మన హాలుకు వచ్చేవాళ్లకు

నమస్కారం అండి. మొన్న ఆదివారం పిల్లల ఆటకు వచ్చి, గంటా పది నిమిషాలు ఖాళీ తెర చూసి ఇంటికి వెళ్లిపోయిన వాళ్లందరికీ ఇది రాస్తున్నాను. రాని వాళ్లకు కూడా ఈపాటికి సగం తెలిసే ఉంటుంది, మన ఊళ్లో ఏ మాట ఆగింది గనక. మిగతా సగం నేనే చెబితే మర్యాదగా ఉంటుంది.

తొమ్మిదిన్నరకు మాయాబజార్ వేయాలి. 186 టికెట్లు తెగాయి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఒళ్లో కూర్చుంటే టికెట్ లేదు కాబట్టి లోపల పిల్లలు ఎంతమందో సరైన లెక్క నా దగ్గర లేదు, గోల వింటే మాత్రం వందకు తక్కువ ఉండరు. సినిమా పడలేదు. పదీ నలభైకి డబ్బులు తిరిగిచ్చి పంపించేశాం. డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయిన వాళ్లు పదకొండు మంది. వాళ్ల డబ్బు కవర్లో పెట్టి బుకింగ్‌లో ఉంచాను.

ఈ ఆట సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నెలకోసారి, రెండో ఆదివారం పొద్దున, చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్ల కోసం వేస్తాం. లైట్లు పూర్తిగా ఆపం. సౌండ్ సగానికి తగ్గిస్తాం. తలుపులు తీసే ఉంటాయి, ఏడిస్తే బయటికి తీసుకెళ్లొచ్చు, నవ్వితే లోపలికి తేవచ్చు. మూడేళ్ల కింద మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లోనే నవ్వారు. 60 రూపాయల టికెట్‌కి కరెంటు బిల్లు కూడా రాదన్నారు. నిజమే, కొన్ని నెలలు రాదు.

ఎందుకు మొదలుపెట్టానంటే, నా మొదటి సినిమాకి నేను భయపడి చచ్చాను.

1990. మే నెల తుఫాను వెళ్లిపోయి కొన్నాళ్లయింది. నాకు నాలుగేళ్లు. హాలు తాతయ్యది, కానీ అందులో సీటు మాది కాదు. హౌస్‌ఫుల్ అయితే ఇంట్లోవాళ్లు లేచి డబ్బులిచ్చిన వాళ్లకు చోటివ్వాలి, అది తాతయ్య పెట్టిన పద్ధతి. అమ్మ, పిన్నులు సినిమా మారే ముందు రోజు సెకండ్ షోకి వెళ్లేవాళ్లు, అప్పుడైతే ఎవరూ లేపరని. ఆ రాత్రి నన్ను కూడా తీసుకెళ్లారు. ఏ సినిమానో నాకు గుర్తులేదు, అమ్మను అడిగితే ప్రతిసారీ వేరే పేరు చెబుతుంది. విలన్ నవ్వు మాత్రం గుర్తుంది. తెర నిండా ఒక నోరు. నేను కేక పెడితే ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగారు. నాయనమ్మ కొంగు కప్పింది. కొంగులోంచి కూడా ఆ నోరు ఎర్రగా కనిపించింది.

అప్పుడు నాయనమ్మ నన్ను చంకనేసుకుని మెట్లెక్కి ఆపరేటర్ క్యాబిన్‌లోకి తీసుకెళ్లింది. ఆడవాళ్లు అక్కడికి వెళ్లడం అదే మొదటిసారేమో. రెండు మిషన్లు. లోపల కార్బన్ కడ్డీలు మండే వాసన, కొలిమి దగ్గర నిలబడ్డట్టు వేడి. ఒక మిషన్లో రీలు అయిపోతుంటే రెండోది సిద్ధంగా పెట్టుకుని, తెర మూలన చుక్క కనబడగానే మార్చాలి. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. రీళ్లు చుట్టే కుర్రాడు నన్ను ఖాళీ బాక్సు మీద నిలబెట్టి చిన్న కిటికీలోంచి చూడమన్నాడు. అదే నోరు, అదే నవ్వు, కానీ ఇక్కడ మిషన్ టకటక తప్ప ఏమీ వినిపించదు. ఆ నోరు ఈ కిటికీలోంచే వెళ్తోందని అర్థమైంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ తెర చూసి భయపడలేదు.

ఆ రీళ్లు చుట్టే కుర్రాడే ఇప్పుడు మన ఆపరేటర్ బాబాయ్. పిల్లల ఆటప్పుడు ఏడ్చే పిల్లల్ని పైకి తెమ్మంటాడు. మీలో చాలామంది తీసుకెళ్లారు కూడా.

బుకింగ్ పక్కన బల్ల మీద నోట్‌బుక్ ఒకటి పెడతామని మీకు తెలుసు, చిన్నప్పుడు ఇంట్లోవాళ్లతో వెళ్లిన మొదటి సినిమా గురించి ఎవరికి గుర్తున్నది వాళ్లు రాయొచ్చు. మూడు పుస్తకాలు నిండాయి. కథ రాసినవాళ్లు దాదాపు లేరు. ఒక పెద్దావిడ లవకుశకు ఎడ్లబండిలో వెళ్లిన సంగతి రాశారు, సినిమా గురించి ఒక్క ముక్క, బండి కింద వేలాడే లాంతరు గురించి పేజీన్నర. ఒకాయన టెంటు హాల్లో నేల టికెట్ కొని, ఇసుక కుప్పగా పోసుకుని దాని మీద కూర్చుంటే వెనకవాళ్లు తిట్టేవాళ్లని రాశారు. గోళీసోడా తాగాక గోళీ ఇవ్వలేదని ఏడ్చినవాళ్లు ముగ్గురు. ఇంటర్వెల్ కల్లా నిద్రపోయి నాన్న భుజం మీద ఇంటికి వచ్చినవాళ్లయితే లెక్కే లేదు. వాళ్లలో ఒకమ్మాయి, దార్లో మెలకువ వచ్చినా నడవాల్సి వస్తుందని కళ్లు తెరవలేదని ఒప్పుకుంది. నాకు బాగా నచ్చింది అదే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న వచ్చిన వంద మంది పిల్లల్లో కొందరికి అదే మొదటి సినిమా. వాళ్లు పెద్దయ్యాక ఆ నోట్‌బుక్‌లో ఏం రాస్తారో అని నాకు నాలుగు రోజులుగా నిద్ర లేదు.

సరే, అసలు విషయం. ఇప్పుడు బాక్సుల్లో రీళ్లు రావు. సినిమా ఫైలుగా వస్తుంది, తాళం వేసి వస్తుంది. ఆ తాళంచెవిని కేడీఎం అంటారు, మేమంతా కీ అనే అంటాం. అది మెయిల్లో విడిగా వస్తుంది. ఫలానా నంబరు సర్వర్‌కి, అంటే ఆ ఫైలు పెట్టుకుని సినిమా ఆడించే కంప్యూటర్‌కి, ఫలానా రోజు, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా అని తయారుచేస్తారు. పక్క ఊరి హాలు కీ మన దగ్గర పనిచేయదు. నిన్నటిది ఇవాళ పనిచేయదు. పైరసీ జరగకుండా ఆ ఏర్పాటు, దాన్ని నేను తప్పుపట్టను.

దసరా ముందు మన సర్వర్ పాడైతే కొత్తది పెట్టారు. పెట్టింది మనకు మిషన్, కీలు ఇచ్చే డిజిటల్ కంపెనీ వాళ్లే. నంబరు మారిందని నేను రాతపూర్వకంగా పంపాను, అందిందని జవాబు కూడా వచ్చింది. ఆ మెయిల్ ప్రింట్ తీసి నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను, ఎవరైనా వచ్చి చూడొచ్చు. అప్పట్నుంచి వచ్చిన కొత్త సినిమాలన్నీ బాగానే పడ్డాయి. కొత్త సినిమాల జాబితాలో నంబరు మార్చి, పాత సినిమాల జాబితాలో మార్చలేదట. మాయాబజార్ 1957 నాటిది కాబట్టి దాని కీ మన పాత సర్వర్‌కి తయారైంది. పాత సర్వర్ ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

తొమ్మిదీ ఇరవైకి కంపెనీకి ఫోన్ చేశాను. నొక్కమన్న నంబర్లన్నీ నొక్కాను. చివరికి ఒక అబ్బాయి ఎత్తి, టికెట్ రైజ్ చేయండి మేడమ్ అన్నాడు, వాళ్ల భాషలో ఫిర్యాదు నమోదు చేయమని. బాబూ, నేను ఇప్పటికే 186 టికెట్లు కోసి కూర్చున్నాను అన్నాను. వాడికి నవ్వు రాలేదు, నాకూ రాలేదు. సరైన కీ పదకొండుంబావుకు వచ్చింది, హాలు ఊడ్చేసరికి. సోమవారం క్షమించమని మెయిల్ పంపారు. అందులో మన హాలు పేరు తప్పుగా రాశారు.

కంపెనీని ఇంత తిట్టాక నా తప్పు కూడా చెప్పాలి. రీళ్ల కాలంలో ఒక్కోసారి రెండు ఊళ్లకు ఒకే ప్రింటు. తెనాలి వైపు నుంచి బాక్సు మోపెడ్ మీద రావాలి. బాక్సు కళ్లతో చూసే దాకా తాతయ్య బుకింగ్ కిటికీ తీయనిచ్చేవాడు కాదు. బయట జనం ఎంత అరిచినా సరే. జనం అరిచేది హాలు బయటైతే అది సినిమా మీద ఇష్టం, హాలు లోపలైతే మన మీద కోపం అనేవాడు. నేను శనివారం రాత్రి మెయిల్లో కీ రావడం చూశాను. అది సర్వర్‌లో వేసి, రెండు నిమిషాలు సినిమా ఆడించి చూడాలి. సెకండ్ షో వదిలేసరికి పన్నెండూ నలభై అయింది, బాబాయ్‌కి మోకాలు నొప్పి, పొద్దున చూద్దాంలే ఇంటికి వెళ్లు అన్నాను. ఆయన ఉంటానన్నాడు, నేనే పంపాను. కాబట్టి బాబాయ్‌ని ఎవరూ ఏమీ అనొద్దు. సెంటర్లో కాఫీ హోటల్ దగ్గర ఆయన్ని అడిగిన పెద్దమనిషి ఇకమీదట నన్ను అడగండి.

పదీ ఐదు నుంచి పదిన్నర దాకా నేను ఏం చేశానో కొందరు అడిగారు. క్యాబిన్‌లో నిలబడి ఉన్నాను. సర్వర్‌లో మ్యాట్నీ సినిమా ఉంది, దానికి కీ ఉంది. ఒక్క బటన్ నొక్కితే పడుతుంది. వేసేద్దామమ్మా, జనం ఊరుకోవడం లేదు అన్నాడు బాబాయ్. బాల్కనీలోంచి ఏదో ఒకటి వేయండి అని కేకలు. ఆ సినిమా యూఏ 16+. మొదటి పది నిమిషాల్లో నాలుగు తలలు తెగుతాయి. పాటలు మాత్రం వేసి, ఫైట్లు దాటిద్దామా అనుకున్నాను. ఎక్కడ ఏముందో గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాయడం కూడా మొదలుపెట్టాను. ఈలోగా ఒకాయన పైకొచ్చి, యూట్యూబ్‌లో దొరుకుతుంది, నా ల్యాప్‌టాప్ ఇస్తాను, తగిలించండి అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ టికెట్ కోసి యూట్యూబ్ వేస్తే ఇక పైరసీ గురించి నేను మాట్లాడకూడదు. వద్దన్నాను.

కాగితం మీద ఆరు లైన్లు రాసి చింపేశాను. నాకు ఆ నోరు గుర్తొచ్చింది. ఎవరో నాలుగేళ్ల పిల్ల కొంగులోంచి ఆ తలలు చూడటం నావల్ల కాదు. డబ్బులు తిరిగిచ్చేద్దాం అన్నాను. ఇప్పటికీ ఆ నిర్ణయం మార్చుకోను. 11,160 రూపాయలు కాదు, దానికి రెండింతలైనా అదే చేసేదాన్ని. క్యాంటీన్లో వేయించిన నాలుగు వందల ఉల్లి సమోసాలు పంచిపెట్టాం, అవి ఎవరూ వద్దనలేదు.

ఒక సంగతి చాలామంది చూసి ఉండరు. మేము పైన తర్జనభర్జన పడుతుంటే, పిల్లలు చీకట్లో ఏడవకూడదని బాబాయ్ తెర మీదికి తెల్ల వెలుగు వదిలాడు. బాల్కనీ వెనక వరసలో ఒక తండ్రి పిల్లాణ్ని భుజాలకెత్తుకుంటే వాడి చెయ్యి వెలుగుకు అడ్డొచ్చి, తెర మీద ఇంత పెద్ద చెయ్యి పడింది. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత పిల్లలంతా పైకి పరుగెత్తారు. కుక్కలు, కొంగలు, జింక కొమ్ములు. పాతిక నిమిషాలు అదే ఆట. మేము డబ్బులు తిరిగిస్తామని మైకులో చెబితే పిల్లలు ఇంకొంచెంసేపు అని గోల చేశారు. కోపంగా ఉన్నది పెద్దవాళ్లే.

వెళ్తూ వెళ్తూ ఒకరు, ఆడమనిషి చేతిలో పెడితే హాలు ఇలాగే ఉంటుంది అన్నారు. నాకు వినపడాలనే అన్నారు, వినపడింది. తాతయ్య కాలంలో ఉప్పెనకు రేకులు లేచిపోయాయి, నాన్న కాలంలో రెండుసార్లు మోటారు కాలింది, అప్పుడు ఎవరూ మగవాళ్ల చేతిలో పెడితే ఇంతే అనలేదు. ఇంకొకరు గుంటూరు మల్టీప్లెక్స్‌కి పోయి ఉంటే బాగుండేదన్నారు. వెళ్లండి, బాగుంటుంది, సీట్లు మెత్తగా ఉంటాయి. కానీ అక్కడ పిల్లాడు ఏడిస్తే ఆపరేటర్ గదిలోకి రానిస్తారేమో అడిగి చూడండి.

ఇక జరగబోయేది. కంపెనీ మార్చమని కొందరు సలహా ఇచ్చారు. మిషన్ వాళ్లది, అగ్రిమెంట్ ఇంకా ఏడాదిన్నర ఉంది, ఇప్పుడు మార్చలేను. పిల్లల ఆట ఆపను, టికెట్ 60 దాటించను. ముందు రోజు రాత్రి సినిమా ఆడించి చూసేదాకా పిల్లల ఆటకు ముందస్తు బుకింగ్ ఉండదు. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకే కిటికీ తీస్తాం, అదీ నేను బాగుందని చెప్పాకే. ఫోన్ చేసి నాలుగు టికెట్లు పక్కన పెట్టమనే చుట్టాలు కూడా దయచేసి చేయొద్దు.

వచ్చే రెండో ఆదివారం మాయాబజారే. 2010లో రంగులేసింది కాదు, అసలు నలుపు తెలుపుదే. రంగుది కావాలని ఐదారుగురు అడిగారు, లడ్డూలు నోట్లోకి ఎగిరివచ్చేటప్పుడు పిల్లలు రంగు అడగరని నా నమ్మకం. మొన్న వచ్చినవాళ్లకు టికెట్ అక్కర్లేదు. ముక్క పారేసుకున్నా పర్వాలేదు, గేటు దగ్గర మా మావయ్యకు మొహాలన్నీ గుర్తున్నాయి. సినిమా మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు తెల్ల వెలుగు వదలమని బాబాయ్‌కి చెప్పాను. పిల్లల్ని తొమ్మిదీ ఇరవైకల్లా బాల్కనీకి తీసుకురండి.